చక్రం తిరుగుతూనే ఉంటే



రాత్రి భోజనాలయ్యాక, పండక్కి ఊరెళ్లడానికి టికెట్లు బుక్ చేద్దామని ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఇంట్లో వైఫై ఉంది. పక్కగదిలో పిల్లలు యూట్యూబ్ చూస్తున్నారు, వాట్సాప్‌లో ఫొటోలు వస్తున్నాయి, వార్తల సైట్లు తెరుచుకుంటున్నాయి. టికెట్ల సైట్ ఒక్కటే రాదు. పైన చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ అయినా రాదు, వస్తే కనీసం అదొక సమాధానం. విసుగొచ్చి వైఫై ఆపేసి మొబైల్ డేటా పెడితే అదే సైట్ టక్కున తెరుచుకుంటుంది.

అప్పుడు ఇంట్లో ఒకరు సైట్ పడిపోయిందంటారు, ఇంకొకరు మన వైఫై దండగంటారు. సైట్ పడిపోతే మొబైల్ డేటాలో రాకూడదు. వైఫై దండగైతే యూట్యూబ్ ఆగిపోవాలి. మరి తప్పెక్కడ? ఇలాంటి చిక్కుకి కారణాలు చాలా ఉండొచ్చు. ఇవాళ నేను చెప్పబోయేది వాటిలో ఒక రకం గురించే. ఇంటర్నెట్ తన పాత పద్ధతిని పూర్తిగా వదలకుండా, కొత్త పద్ధతిలోకి పూర్తిగా వెళ్లకుండా, రెండింటినీ ఒకేసారి మోస్తున్నందువల్ల వచ్చే ఇబ్బందులివి.

ఆ రెండు పద్ధతులేమిటో ముందు చూద్దాం. నెట్‌కి కలిసిన ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఉండాలి. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. మనం ఇప్పటికీ వాడుతున్న పాత పద్ధతి, అంటే ఐపీ నాలుగో వెర్షన్, 1981లో ఖరారైంది. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కి తొలిరూపమైన ఆర్పానెట్ మొత్తం దానికి మారింది. ఇందులో చిరునామాకి 32 బిట్లు. లెక్క కడితే 429 కోట్ల చిరునామాలు. అప్పటికి నెట్‌లో ఉన్న కంప్యూటర్లు వందల్లో ఉండేవి కాబట్టి ఇది తరగని గని అనిపించింది. ఆ పద్ధతిని రూపొందించినవారిలో ఒకరైన వింట్ సర్ఫ్ తర్వాత చాలాసార్లు చెప్పారు: అది ఒక ప్రయోగం కోసం అనుకున్న కొలత, ఆ ప్రయోగం మాత్రం ఆగలేదు అని.

ఆగకపోగా 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర ఖజానాలో మిగిలిన ఆఖరి అయిదు కట్టల చిరునామాలనూ అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఆసియా, పసిఫిక్ దేశాలకు చిరునామాలిచ్చే ఏపీనిక్ ఖజానా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అడుగంటింది. అన్నింటికంటే ముందు అయిపోయింది మన ప్రాంతానికే. జనం ఇక్కడే ఎక్కువ కదా!

ఇలా అవుతుందని ఇంజనీర్లకు ముందే తెలుసు. ఐపీ ఆరో వెర్షన్ తొలి నిర్దేశం 1995 డిసెంబర్‌లో, సవరించినది 1998లో వచ్చాయి. మధ్యలో అయిదో వెర్షన్ ఏమైందని అడిగేవారుంటారు. ఆ అంకె అంతకుముందే వేరే ప్రయోగానికి ఇచ్చేశారు, అందుకే దాటేశారు. ఆరో వెర్షన్‌లో చిరునామాకి 128 బిట్లు. మొత్తం ఎన్ని చిరునామాలో చెప్పాలంటే 39 అంకెల సంఖ్య చదవాలి, మీ ఓపికను పరీక్షించను. ఇకమీదట పాతదాన్ని వీ4 అనీ, కొత్తదాన్ని వీ6 అనీ అంటాను. ఈ రంగంలో అందరూ అనేదీ అలాగే.

అసలు పేచీ ఏమిటంటే ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. వీ4 మాత్రమే ఉన్న యంత్రం వీ6 మాత్రమే ఉన్న యంత్రాన్ని నేరుగా చేరలేదు. కాబట్టి మారే కాలమంతా రెండూ పక్కపక్కనే నడవాలని అనుకున్నారు. ఆ కాలం నాలుగైదేళ్లుంటుందని ఆశపడ్డవారు కూడా ఉన్నారు. పాతికేళ్లు దాటింది, ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పుడు మొదటి రోజు నుంచే వీ6 మీద నడిచింది. కోట్ల ఫోన్లకు ఇవ్వడానికి వీ4 చిరునామాలు ఎక్కడి నుంచి తెస్తారు? తక్కిన కంపెనీలూ ఆ దారి పట్టాయి. ఇవాళ గూగుల్ ప్రచురించే లెక్కల్లో వీ6 వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో మొబైల్ డేటా మీద వీడియో చూసేవారిలో చాలామంది తమకు తెలియకుండానే వీ6 మీద చూస్తున్నారు. ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్, ఆఫీసు నెట్‌వర్కులు, కొన్ని వెబ్‌సైట్ల సర్వర్లు మాత్రం ఈ విషయంలో మొబైల్ కంపెనీలంత శ్రద్ధ చూపలేదు. మన చక్రం తిరిగేది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

మీరు సైట్ పేరు కొట్టగానే ఏం జరుగుతుందో చూడండి. ఫోను ముందుగా ఆ పేరుకి చిరునామా ఏదని డీఎన్ఎస్‌ను అడుగుతుంది. రెండు ప్రశ్నలు వేస్తుంది. వీ4 చిరునామా కోసం ఏ రికార్డు, వీ6 చిరునామా కోసం క్వాడ్ ఏ రికార్డు. రెండూ దొరికితే మామూలుగా వీ6కే మొగ్గు. ఇంతవరకూ బాగానే ఉంది. కాని ఫోనుకి వీ6 చిరునామా ఉందంటే, సైట్‌కీ వీ6 చిరునామా ఉందంటే, మధ్యలో దారి కూడా ఉందని కాదు. వెనకటి రోజుల్లో దారి తెగి ఉంటే కంప్యూటర్ వీ6 మీద ప్రయత్నించి, విండోస్ అయితే ఇరవై సెకన్లు, మ్యాక్ అయితే నిమిషానికి పైగా ఎదురుచూసి, అప్పుడుగాని వీ4 వైపు తిరిగేది కాదు. అంతసేపు ఎవరు కూర్చుంటారు?

ఈ భయంతోనే పెద్ద సైట్లు చాలాకాలం వీ6 జోలికి వెళ్లలేదు. చివరికి 2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ లాంటి సంస్థలు కూడబలుక్కుని ఒక్క రోజు, సరిగ్గా 24 గంటలు, తమ సైట్లకు వీ6 చిరునామాలు పెట్టి చూశాయి. ఒకే సైట్ పెడితే, దారి తెగిన వాడకందారు ఆ సైట్‌ను తిట్టుకుంటాడు. అందరూ కలిసి పెడితే తన కనెక్షన్‌నే అనుమానిస్తాడు. ఎత్తుగడ బాగుంది కదూ? పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. మరుసటి ఏడాది 2012 జూన్ 6న శాశ్వతంగా పెట్టేశారు.

ఆ 2012లోనే బ్రౌజర్లకు ఒక ఉపాయం నేర్పుతూ ప్రమాణ పత్రం వచ్చింది. దాని పేరు హ్యాపీ ఐబాల్స్. వీ6 మీద పిలుపు పంపి, కొద్దిసేపట్లో, అంటే పావు సెకను అనుకోండి, జవాబు రాకపోతే వీ4 మీద కూడా పిలుపు పంపాలి. ఏది ముందు పలికితే దానితో పని కానివ్వాలి. చూసేవారికి తేడా తెలియదు. నా ఉద్దేశంలో వీ6 ప్రపంచమంతా పాకడానికి ఇంతగా సాయపడ్డ ఉపాయం ఇంకొకటి లేదు.

కాని దీనితో ఒక చేటు కూడా జరిగింది. దారి తెగిన సంగతి ఎవరికీ తెలియకుండా పోయింది. వీ6 పూర్తిగా చచ్చిపోయినా బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా వీ4 మీదికి వెళ్లిపోతుంది. ఫిర్యాదు చేసేవారు లేరు, బాగుచేసేవారూ లేరు. అలా నెలల తరబడి కప్పబడి ఉన్న లోపం, ఈ ఉపాయం లేని ఏదో ఒక యాప్‌లోనో, ఒక వింత సందర్భంలోనో బయటపడుతుంది. పైగా ఈ ఉపాయం కాపాడేది పిలుపుకి జవాబే రానప్పుడు మాత్రమే. జవాబు వచ్చి, కనెక్షన్ కలిసి, ఆ తర్వాత సరుకు మధ్యలో ఆగిపోతే బ్రౌజర్‌కి అనుమానం రాదు. కలిసింది కదా, వస్తుందిలే అని కూర్చుంటుంది. చక్రం తిరుగుతూ ఉంటుంది. పూర్తిగా చచ్చిన దారికంటే సగం బతికిన దారే ఎక్కువ బాధపెడుతుంది.

కనెక్షన్ కలిసీ సరుకు రాకపోవడమేమిటి? ఇది కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఇంజనీర్లను కూడా రోజుల తరబడి తిప్పే చిక్కు ఇదే.

నెట్‌లో సమాచారం ప్యాకెట్లుగా వెళ్తుంది. మామూలు ఈథర్‌నెట్ తీగ మీద ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. మన ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చేవారిలో చాలామంది రౌటర్లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిపే పద్ధతి వాడతారు. దానివల్ల ప్రతి ప్యాకెట్‌కీ 8 బైట్ల తొడుగు పడుతుంది. లోపల మిగిలేది 1492. వీ6ని వీ4 సొరంగంలో పెట్టి పంపితే 20 బైట్లు పోయి 1480 మిగులుతుంది. అంటే సర్వర్ దగ్గర 1500 బైట్ల ప్యాకెట్ బయల్దేరితే మన వీధి చివర అది పట్టదు.

రైలు పట్టాల కింద ఇరుకు వంతెనలు మీకు తెలుసు. ముందే ఎత్తు కొలిచే ఇనప కమ్మీ ఉంటుంది. దానికంటే ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీ వెనక్కి తిరగాలి. పాత వీ4లో అయితే వంతెన దగ్గరే లోడు దింపి రెండు బళ్లలో సర్ది పంపే వీలుంది, దారిలో రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయగలవు. వీ6లో ఆ పని నిషేధం. మధ్య రౌటర్ లారీని అక్కడే వదిలేసి, బయల్దేరిన ఊరికి కబురు పంపుతుంది: మీ సరుకు పెద్దది, ఇంత కొలతకి తగ్గించి మళ్లీ పంపండి అని. ఆ కబురు పేరు ప్యాకెట్ టూ బిగ్. అది ఐసీఎంపీ అనే పద్ధతిలో వెళ్తుంది.

ఇక్కడే కొంప మునుగుతుంది. ఐసీఎంపీ అనగానే, అవతలి యంత్రం పలుకుతుందో లేదో తట్టి చూసే పింగ్ అనీ, పింగ్ అనగానే దాడి చేసేవాళ్లు వాడేదనీ, కాబట్టి ఫైర్‌వాల్‌లో మొత్తం ఆపేయాలనీ ఒక తరం సిస్టమ్ అడ్మిన్లు నేర్చుకున్నారు. వీ4లో అలా చేసినా ఎలాగోలా గడిచేది. వీ6లో ఐసీఎంపీ ఆపితే నెట్‌వర్క్ గొంతు నొక్కినట్టే. ఏ కబురు ఆపొచ్చో ఏది ఆపకూడదో 2007లోనే ఒక పత్రం విడమరచి చెప్పింది. చదివినవారు తక్కువ. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ఆ కబురును పారేస్తుంది. సర్వర్ తన ప్యాకెట్ దారిలో పోయిందనుకుని అదే కొలతలో మళ్లీ పంపుతుంది. మళ్లీ పోతుంది. మళ్లీ పంపుతుంది.

ఇప్పుడు లక్షణాలు పోల్చుకోండి. పింగ్ చేస్తే జవాబు వస్తుంది, ఎందుకంటే పింగ్ ప్యాకెట్ చిన్నది. కనెక్షన్ కలుస్తుంది, పలకరింపులూ చిన్నవే. తర్వాత సర్వర్ తన సెక్యూరిటీ సర్టిఫికెట్ పంపాలి. అది వేల బైట్లుంటుంది, నిండు ప్యాకెట్లలో వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. అందుకే తెల్ల పేజీ మీద చక్రం. పింగ్ పోతోంది కాబట్టి నెట్ బాగుందని కస్టమర్ కేర్‌వాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు.

అదే సైట్ వీ4 మీద ఎందుకు వస్తుందంటారా? కనెక్షన్ కలిసేటప్పుడే, నాకు ఇంతకంటే పెద్ద ముక్కలు పంపకు అని చెప్పే సదుపాయం ఉంది. మన బ్రాడ్‌బ్యాండ్‌వాళ్లు ఆ అంకెను దారిలోనే తగ్గించి రాస్తారు. దీన్ని ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు. వీ4కి ఈ ఏర్పాటు ఎన్నడో చేసి ఉంటారు, వీ6కి చేయడం మరచిపోతారు. తిలా పాపం తలా పిడికెడు: ఇరుకు మన వైపు, మూసిన చెవులు సైట్ వైపు. ఇద్దరిలో ఎవరు సర్దుకున్నా చక్రం ఆగుతుంది. తక్కిన సైట్లు రావడానికి కారణం, వాటివాళ్లు ఆ జాగ్రత్త తీసుకోవడమే. ఉదాహరణకి లక్షల సైట్లను తన భుజాన మోసే క్లౌడ్‌ఫ్లేర్ ఈ గొడవ లేకుండా వీ6 ప్యాకెట్లను చాలా ఏళ్లు 1280 బైట్లకే పరిమితం చేసుకుంది. ఎంత ఇరుకు దారైనా వీ6కి 1280 ఇవ్వాలని నియమం ఉంది మరి. 2018లోగాని ఆ కొలత పెంచలేదు.

సరే, ఇంట్లో కూర్చుని ఇది తేల్చుకోవడం ఎలా? సూత్రం ఒక్కటే: కలిసిపోయిన రెండు దారులనూ విడదీసి, ఒక్కోదాన్నీ విడిగా ప్రశ్నించాలి.

మొబైల్ డేటాతో పోల్చడం మంచి ఆరంభం. కాని దాన్నుంచి మనం తీసే అర్థం సాధారణంగా తలకిందులుగా ఉంటుంది. మొబైల్‌లో వచ్చింది కాబట్టి వీ4లో వచ్చిందనుకుంటారు. మన దేశంలో మొబైల్ డేటా వీ6 మీద వెళ్లే అవకాశమే ఎక్కువ. అంటే సైట్ వీ6 మీద కూడా ప్రాణంతోనే ఉండే అవకాశం ఎక్కువన్నమాట. అప్పుడు అనుమానం ఇంటి కనెక్షన్ మీదికి, దాని ఇరుకు మీదికి మళ్లాలి.

తర్వాత వైఫై మీద బ్రౌజర్లో టెస్ట్ హైఫన్ ఐపీవీ6 డాట్ కామ్ అనే సైట్ తెరవండి. మీ కనెక్షన్‌కి వీ4 ఉందా, వీ6 ఉందా, రెండూ ఉంటే బ్రౌజర్ దేన్ని ఎంచుకుంటోంది, అన్నింటికీ మించి వీ6 మీద పెద్ద ప్యాకెట్ దాటుతోందా లేదా, ఇవన్నీ విడివిడిగా పరీక్షించి పదికి మార్కులు వేస్తుంది. పెద్ద ప్యాకెట్ పరీక్ష ఒక్కటే తప్పితే రోగం ఏమిటో తెలిసిపోయినట్టే. వీ6 అసలే లేదని వస్తే మీ చిక్కుకి కారణం వేరే ఉంది, ఈ ప్రసంగం మీకు అంతగా పనికిరాదు.

కంప్యూటర్ ఉన్నవారు ఇంకో అడుగు వేయొచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి సైట్ పేరు ఇస్తే చిరునామాలు చూపిస్తుంది. మధ్యలో కోలన్లతో పొడుగ్గా ఉండేవి వీ6వి. ఒక్కటీ లేకపోతే ఆ సైట్‌కి వీ6తో సంబంధమే లేదు. ఉంటే కర్ల్ అనే పనిముట్టు వాడండి. 2018 నుంచి విండోస్ 10తోనే వస్తోంది, మ్యాక్‌లోనూ ఉంది. కర్ల్ తర్వాత హైఫన్ 4 పెట్టి సైట్ చిరునామా ఇస్తే వీ4 మీద మాత్రమే వెళ్తుంది, హైఫన్ 6 పెడితే వీ6 మీద మాత్రమే. హైఫన్ వి కూడా జోడిస్తే ఏ అడుగు దాకా వెళ్లిందో వరసగా చెబుతుంది.

ఆ చెప్పే తీరు గమనించండి. 6తో కొట్టగానే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే, మీ ప్యాకెట్ గమ్యం చేరింది, అక్కడ ఎవరూ వినడం లేదు. తప్పు సైట్‌వాళ్లది. దారి లేదని వెంటనే వస్తే మీ కంప్యూటర్‌కి, లేదా మీ రౌటర్‌కి వీ6 దారే తెలియదు. ఏమీ రాకుండా చాలాసేపటికి టైమవుట్ అయితే మధ్యలో ఎవరో మింగేస్తున్నారు. కనెక్టెడ్ అని వచ్చి టీఎల్ఎస్ దగ్గర, అంటే సర్వర్ సర్టిఫికెట్ పంపే అడుగు దగ్గర, ఆగిపోతే ఇందాక చెప్పిన ఇరుకు వంతెనే. అప్పుడు రౌటర్ సెట్టింగుల్లో ఎంటీయూ అనే అంకెను, అంటే ప్యాకెట్ గరిష్ఠ కొలతను, 1280కి తగ్గించి చూడండి. సైట్ వచ్చేస్తే రుజువైపోయింది. తర్వాత 1480, 1492 అంటూ మెల్లగా పెంచి ఎక్కడ ఆగుతుందో చూసుకోవచ్చు.

ఇంకో రకం తిప్పలు కరెంటుతో వస్తాయి. కరెంటు పోయి వస్తుంది, రౌటర్ మళ్లీ లేస్తుంది, కంపెనీ దానికి కొత్త వీ6 శ్రేణి ఇస్తుంది. ఇన్వర్టర్ మీదున్న టీవీకో, బ్యాటరీ మీదున్న ల్యాప్‌టాప్‌కో ఈ సంగతి తెలియదు. పాత చిరునామానే పట్టుకుని వేలాడతాయి. ప్రమాణంలో ఉన్న మామూలు గడువుల ప్రకారం ఒక చిరునామా ఏడు రోజులు నిక్షేపంగా వాడుకోదగినది, ముప్పై రోజుల దాకా చెల్లుతుంది. రౌటర్ తయారీదారు జాగ్రత్త పడకపోతే ఆ పాత చిరునామా నుంచి పంపిన ప్రతిదానికీ జవాబు ఎక్కడికో పోతుంది. 2021లో ఈ సమస్య మీద ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువడింది. మందు సులువు: ఆ పరికరంలో వైఫై ఆపి మళ్లీ పెట్టాలి. కాబట్టి ఆఫ్ చేసి ఆన్ చేయండన్న కస్టమర్ కేర్ మంత్రాన్ని మరీ ఎగతాళి చేయకండి. ఈ ఒక్క రోగానికి అది నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే ఆఫ్ చేయాల్సింది రౌటర్‌ని కాదు, మీ టీవీని.

వెబ్‌సైట్లు నడిపేవారు ఎవరైనా వింటుంటే వారికో మాట. హోస్టింగ్ మార్చినప్పుడు వీ4 రికార్డు మార్చి, వీ6 రికార్డును పాత సర్వర్ మీదే వదిలేయడం తరచుగా జరిగే పని. లినక్స్‌లో వీ4 ఫైర్‌వాల్ నియమాలు వేరు, వీ6 నియమాలు వేరుగా రాసే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ఒకటి తెరిచి రెండోది మరుస్తారు. వెబ్ సర్వర్ సెట్టింగులో వీ4 మీద మాత్రమే వినమని రాసి ఉంటుంది. ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, సైట్‌కి రెండు చిరునామాలూ ఉంటే ముందు వీ6 మీదే వచ్చి పరీక్షిస్తుంది. అక్కడ పాత సర్వర్ ఎదురై ఏదో జవాబిస్తే పరీక్ష తప్పుతుంది. సర్టిఫికెట్ గడువు ముగిసేదాకా ఎవరూ గమనించరు. ముగిశాక వీ4వాళ్లకు కూడా సైట్ పోతుంది. ఇవన్నీ కనిపెట్టడానికి మీ పర్యవేక్షణ వ్యవస్థ వీ6 మీద విడిగా తలుపు తట్టి చూడాలి. చాలా పర్యవేక్షణ వ్యవస్థలు వీ4 మీదే చూసి పచ్చదీపం వెలిగిస్తాయి.

కొన్నిసార్లు ఎవరి సెట్టింగూ తప్పుండదు. అమెరికాలో హరికేన్ ఎలక్ట్రిక్, కోజెంట్ అని నెట్ రద్దీని మోసే రెండు పెద్ద కంపెనీలున్నాయి. వీ6 రద్దీని నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం మీద వాటికి తగాదా. ఫలితంగా ఒకదాని మీద మాత్రమే ఆధారపడిన చిన్న నెట్‌వర్క్ నుంచి రెండోదాని మీద మాత్రమే ఆధారపడిన సైట్‌కి వీ6 దారే లేదు. 2009లో హరికేన్‌వాళ్లు, మాతో కలవండి బాబూ అని కోజెంట్‌ను బతిమాలుతూ ఒక కేకు చేయించి ఇంజనీర్ల సమావేశానికి పట్టుకొచ్చారు. కేకు అయిపోయింది, తగాదా మాత్రం ఏళ్ల తరబడి సాగింది. ఇలాంటిచోట మీరు రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

పాత, కొత్త పక్కపక్కన నడిచే ఇంకోచోటు క్విక్, దాని గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అదీ కొత్త ప్రోటోకాలే, 2021లో ప్రమాణమైంది. దాని మీద నడిచే హెచ్‌టీటీపీ మూడో వెర్షన్ 2022లో వచ్చింది. పాత వెబ్ అంతా టీసీపీ మీద నడిస్తే ఇది యూడీపీ మీద నడుస్తుంది. కొన్ని ఆఫీసుల, కాలేజీల ఫైర్‌వాల్‌లు యూడీపీని ఆపేస్తాయి. బ్రౌజర్ వెనక్కి తగ్గి టీసీపీ మీద వస్తుంది కాబట్టి మొదటి పేజీ కాస్త ఆలస్యం కావడం తప్ప పెద్ద నష్టం ఉండదు. అయినా ఎప్పుడైనా ఒక బ్రౌజర్లో వచ్చి ఇంకో బ్రౌజర్లో రాకపోతే దీన్ని కూడా అనుమానించండి. బ్రౌజర్లో క్విక్ సెట్టింగ్ ఆపి చూసి తేల్చుకోవచ్చు.

ఇక అందరూ చెప్పే చిట్కా దగ్గరికి వద్దాం. నెట్ సరిగా రావడం లేదంటే చాలు, మీ కంప్యూటర్లో వీ6 తీసేయండి అని సలహా ఇచ్చేవారు వీధికొకరు. తీసేయగానే సైట్ వస్తుంది, సలహా ఇచ్చినవారికి పేరూ వస్తుంది. పరీక్ష కోసం పది నిమిషాలు తీసి చూడండి, నాకు అభ్యంతరం లేదు. తీసేసి వదిలేయడం మాత్రం తప్పంటాను. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే వీ6ను ఆపవద్దనీ, తప్పనిసరైతే వీ4కి ప్రాధాన్యం ఇచ్చేలా మార్చుకోమనీ చెబుతోంది. అదీకాక మీకు మిగిలే ఆ వీ4 మీ సొంతం కాదు. చిరునామాలు లేక మన కంపెనీలు ఒకే వీ4 చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. అందులో ఎవరో ఒకరు ఏ సైట్‌ మీదో అల్లరి చేస్తే ఆ చిరునామా మొత్తానికి మచ్చ పడుతుంది. మీరు మనిషేనా అని బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు వెతికించే పరీక్షలు మీకూ ఎదురవుతాయి. అమెరికాలో టీ-మొబైల్ లాంటి నెట్‌వర్కులు ఫోన్లకు వీ6 మాత్రమే ఇచ్చి, వీ4 సైట్లను అనువాదంతో చేరుస్తున్నాయి. ఆపిల్ కంపెనీ 2016 జూన్ నుంచి, వీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో పనిచేయని యాప్‌ను తన స్టోర్‌లోకి రానివ్వడం లేదు. అమెరికాలో అలాంటి నెట్‌వర్కుల మీదున్న మన పిల్లల ఫోన్లలో వీ6 ఆపేస్తే ఇక మిగిలేదేమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, మీరు వీ6 ఆపేసుకుంటే లోపం అలాగే ఉండిపోతుంది, ఫిర్యాదు చేసే మనిషి ఒకరు తగ్గుతారు. కాబట్టి ఫిర్యాదు చేయండి. ఎలా చేస్తే వింటారో కూడా చెబుతాను. నెట్ స్లోగా ఉందనకండి. ఆ వాక్యానికి వాళ్ల దగ్గర స్పీడ్ టెస్ట్ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఫలానా సైట్, ఫలానా తేదీ, ఫలానా సమయం, వీ4 మీద తెరుచుకుంది, వీ6 మీద కనెక్షన్ కలిసి టీఎల్ఎస్ దగ్గర ఆగింది, పెద్ద ప్యాకెట్ పరీక్ష తప్పింది, రౌటర్ ఎంటీయూ 1280 చేస్తే వచ్చింది అని రాయండి. కర్ల్ చూపిన వరసలు కాపీ చేసి జత చేయండి. మీ వీ6 చిరునామా కూడా అందులోనే రాయండి. ఫోనులో చదివి వినిపించాలనుకోకండి, 32 అక్షరాలూ అంకెలూ చెప్పేలోపు లైను కట్ అవుతుంది. మొదట మాట్లాడేవారికి ఇది అర్థం కాకపోవచ్చు, నెట్‌వర్క్ విభాగానికి పంపమని అడగండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ వీ6కి కూడా ఉందో లేదో చూడమనే మాట ఆ విభాగం చేతికి చేరితే సరిచేయడానికి పెద్ద సమయం పట్టదు. ఫిర్యాదుకి డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఆ నంబరు ఇచ్చి తీరాలి. గడువులోగా పని కాకపోతే అదే నంబరుతో ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి రుసుమేమీ లేదు.